తెలుగు చలనచిత్ర పితామహుడు రఘుపతి వెంకయ్య

కృష్ణా మండలంలోని మచిలీపట్నం ఒకనాడు సముద్ర వ్యాపారానికి పేరుగన్న రేవుపట్టణం. డచ్చివారు, ఆంగ్లేయులు, ఫ్రెంచివారు అక్కడ వర్తకశాలలు నెలకొల్పారు. కలంకారీ అద్దకపు వస్త్రాలు ఆ రేవునుండే దేశాంతరాలకు ఓడలెక్కేవి. 1864లో వచ్చిన ఉప్పెన ఆ పట్టణాన్ని అతలాకుతలం చేసింది. వేలాదిమంది మరణించారు. రేవు పూర్వవైభవం తిరిగి రాలేదు. ఆ ఉప్పెన వచ్చిన ఐదేళ్ళకు, 1869 అక్టోబరు 15వ తేదీన, ఆ ఊరిలో రఘుపతి వెంకయ్య జన్మించారు.

వారిది సైనికోద్యోగుల కుటుంబం. వెంకయ్య అన్నగారు రఘుపతి వెంకటరత్నం నాయుడు ఆంధ్రదేశంలో బ్రహ్మసమాజ ఉద్యమానికి నాయకులు, కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులు, ఆపైన మద్రాసు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. అన్నగారు నడిచిన బాట గ్రంథాలది, సంఘసంస్కారానిది. తమ్ముని మనస్సు మొదటినుండీ బొమ్మల మీదనే లగ్నమైంది. చిత్రలేఖనం, శిల్పం ఆయనకు చేతికి వచ్చిన విద్యలు. 1886లో, పదిహేడేళ్ళ ప్రాయంలో, ఆ విద్యలనే పెట్టుబడిగా చేసుకొని వెంకయ్య మద్రాసు చేరుకున్నారు. ఆనాడు తెలుగువారికి చదువుకైనా, వర్తకానికైనా, ముద్రణకైనా మద్రాసే రాజధాని.

మద్రాసులో ఆయన ఛాయాచిత్రకారులుగా స్థిరపడ్డారు. నేడు చేతిలోని ఫోను నొక్కితే చిత్రం వస్తుంది. ఆనాడు ఫోటో తీయడం ఒక చిన్న యజ్ఞం. గాజు పలకల మీద రసాయనాలు పూసిన ప్లేట్లు వాడేవారు. తీయించుకొనేవారు కదలకుండా కూర్చోవలసి వచ్చేది. రంగుల ఫోటోలు లేవు గనుక, తీసిన నలుపు తెలుపు చిత్రానికి కుంచెతో రంగులు దిద్దేవారు. చిత్రకారుడై యుండి ఛాయాగ్రాహకుడైనవానికి ఈ పనిలో ఎదురుండదు. వెంకయ్య మనిషి నిలువెత్తున చిత్రాలను పెద్దవిగా చేసి వాటికి తైలవర్ణాలు అద్దడంలో పేరు తెచ్చుకున్నారు. స్టూడియోకు రాబడి బాగానే ఉండేది. ఆ రాబడితో తృప్తిపడి ఉంటే ఆయన సుఖంగా జీవించి, అందరివలెనే మరుగునపడిపోయేవారు.

నిలిచిన బొమ్మను కదిలించాలనే ఊహ అప్పటికే ప్రపంచంలో కార్యరూపం దాల్చింది. అమెరికాలో థామస్ ఆల్వా ఎడిసన్ ప్రయోగశాల, ఫ్రాన్సులో లూమియేర్ సోదరులు ఈ రంగంలో ముందు నడిచారు. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటలులో లూమియేర్ వారి చిత్రాలను మన దేశంలో తొలిసారి ప్రదర్శించారు. అవి మూగబొమ్మలు. ఆ బొమ్మల చేత పలికించాలని పట్టుబట్టినవారిలో ఫ్రాన్సు దేశీయుడు లియోన్ గోమో ముఖ్యుడు. ఆయన కంపెనీ తయారుచేసిన యంత్రాలలో ఒకటి క్రోనోమెగాఫోన్. వెంకయ్య జీవితాన్ని మలుపు త్రిప్పినది ఈ యంత్రమే.

దీని పనితీరు తెలిస్తేగాని వెంకయ్య చేసిన సాహసం అర్థం కాదు. బొమ్మ చూపే ప్రొజెక్టరు ఒకచోట, పాట వినిపించే గ్రామఫోను మరొకచోట ఉంటాయి. రెండూ ఒకే వేగంతో తిరగకపోతే పెదవి ఒక దారి, మాట ఒక దారి పడతాయి. అందువలన ఆ రెంటినీ విద్యుత్ మోటార్లతో అనుసంధానించారు. వేగంలో తేడా వస్తే సరిదిద్దేందుకు పళ్ళచక్రాల కూర్పు ఒకటి అమర్చారు. మోటారుకారు మలుపు తిరిగేటప్పుడు రెండు వెనుక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ కూడా ఇటువంటిదే. ఇక శబ్దాన్ని పెంచడానికి నేటి ఆంప్లిఫయరు ఆనాడు లేదు. గాలిని యంత్రంతో ఒత్తిపట్టి, ఆ గాలి బలంతో గ్రామఫోను ధ్వనిని హాలంతా వినబడేటట్లు చేసేవారు. ముందుగా పాటను రికార్డు చేసి, ఆ రికార్డు మ్రోగుతుండగా గాయకులు పెదవులు కదపగా చిత్రం తీసేవారు. నేటి సినిమా పాటలను చిత్రీకరించే పద్ధతికి మూలం ఎక్కడుందో దీనినిబట్టి గ్రహించవచ్చు. రికార్డు నిడివి కొద్ది నిమిషాలే గనుక చిత్రం నిడివి కూడా అంతే.

1910 ప్రాంతంలో వెంకయ్య ఈ యంత్రాన్ని, దానితోపాటు కొన్ని చిన్న చిత్రాలను విదేశంనుండి తెప్పించారు. ధర 30,000 రూపాయలు. ఈ సంఖ్య నేటి విద్యార్థికి పెద్దదిగా తోచకపోవచ్చు. ఆ కాలంలో 15 రూపాయలు ఒక బ్రిటిష్ బంగారు పౌనుకు సమానం. అంటే ఆయన చెల్లించినది రెండువేల బంగారు పౌన్లు. నేటి తూకంలో అది పద్నాలుగు కిలోలకు మించిన బంగారం. మరొక లెక్క చూద్దాం. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన సుప్రసిద్ధమైన టి మోడల్ కారును 850 డాలర్లకు అమ్మకానికి పెట్టాడు. ఆనాటి మారకంలో అది సుమారు 2,600 రూపాయలు. వెంకయ్య కొన్న యంత్రం ధర పదకొండు ఫోర్డు కార్ల ధరతో సమానమన్నమాట. అంత సొమ్ము ఆయన వద్ద లేదు. పాతికేళ్ళపాటు చెమటోడ్చి సంపాదించిన ఫోటో స్టూడియోను తాకట్టు పెట్టారు. చలనచిత్రంతో మన దేశంలో ఎవరైనా బ్రతకగలరా అన్నది అప్పటికి తేలని విషయం. దాదాసాహెబ్ ఫాల్కే తీసిన 'రాజా హరిశ్చంద్ర' ప్రజల ముందుకు రావడానికి ఇంకా మూడేళ్ళ వ్యవధి ఉన్నది.

మద్రాసులోని విక్టోరియా పబ్లిక్ హాలులో వెంకయ్య ప్రదర్శనలు ఆరంభించారు. తెరమీది బొమ్మ కదలడమే వింత. అది గొంతెత్తి పాడడం మరింత వింత. జనం విరగబడి చూశారు. కాని ఉన్న చిత్రాలు కొద్ది. ఒకే ఊరివారు వాటినే ఎన్నిసార్లు చూస్తారు? క్రొత్త చిత్రాలు తెప్పించడంకంటె క్రొత్త ప్రేక్షకులను వెదకడం తేలిక. అందువలన వెంకయ్య యంత్రాన్ని మూటగట్టుకొని ఊరూరా తిరగడానికి సిద్ధపడ్డారు. తోలుబొమ్మలాటవారు బొమ్మల పెట్టెను బండిమీద వేసుకొని సంచారం చేయడం మన పల్లెలకు తెలిసినదే. వెంకయ్య సంచారం అటువంటిదే గాని, ఆయన డేరా సముద్రాలు దాటింది. బెంగుళూరు, విజయవాడ వంటి పట్టణాలే గాక సింహళం, బర్మాలోని రంగూను, పెగు నగరాలు కూడా ఆయన చిత్రాలను చూశాయి. ఆనాటి రంగూనులో రేవుపనికి, మిల్లుపనికి వెళ్ళిన తెలుగు కూలీలు వేల సంఖ్యలో ఉండేవారు. సున్నితమైన యంత్రాన్ని రైళ్ళలో, ఓడలలో చెడకుండా చేర్చడం, చెడితే బాగుచేయగలవారు లేనిచోట తానే బాగుచేసుకోవడం ఎంత శ్రమతో కూడిన పనియో ఊహించుకోవలసిందే.

ఈ యాత్రలలో గడించిన ధనంతో వెంకయ్య మద్రాసుకు తిరిగివచ్చి మౌంటురోడ్డు దాపున గెయిటీ థియేటరును నిర్మించారు. మద్రాసు నగరంలో ఒక భారతీయుడు స్వంతంగా కట్టించిన మొదటి సినిమా ప్రదర్శనశాల అదే. అంతకు ముందున్నవి తెల్లవారి యాజమాన్యంలోనివి. తరువాత మింటు ప్రాంతంలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ థియేటర్లను నెలకొల్పారు. డేరాలో చూసిన ఆటను గోడలు, కప్పు, కుర్చీలు ఉన్న శాశ్వతమైన భవనంలో చూడడం నగరంలోని సామాన్యులకు అలవాటైంది. ఈ మూడు శాలలలో ఏదీ నేడు చలనచిత్రశాలగా మిగిలిలేదు.

మూడు థియేటర్లలో ప్రతివారమూ ఏదో ఒక క్రొత్త చిత్రం ఆడాలి. మన దేశంలో చిత్రాలు తీసేవారు వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందే. ఐరోపానుండి వచ్చేవాటికి 1914లో మొదలైన మహాయుద్ధం అడ్డుపడింది. ఆ ఖాళీలోకి అమెరికా చిత్రాలు వరదలా వచ్చిపడ్డాయి. హాలీవుడ్‌లోని యూనివర్సల్ కంపెనీ 1916 నాటికే భారతదేశంలో తన పంపిణీ కార్యాలయం తెరిచింది. 'మిలియన్ డాలర్ మిస్టరీ', 'బ్రోకెన్ కాయిన్' వంటి సీరియల్ చిత్రాలు వెంకయ్య థియేటర్లలో ఆడాయి. సీరియల్ అంటే వారానికి కొన్ని భాగాల చొప్పున నెలల తరబడి సాగే కథ. ఒక్కొక్క భాగం చివర కథానాయిక ఏదో ఒక గండంలో చిక్కుకుంటుంది. ఆమె బ్రతికినదీ లేనిదీ తెలియాలంటే మరుసటి వారం టిక్కెట్టు కొనక తప్పదు. ఆ చిత్రాలలో పరుగెత్తే రైళ్ళు, లోయలోకి దూకే మోటారుకార్లు, వంతెనల మీది పోరాటాలు ఉండేవి. మోటారుకారు రోడ్డు మీద అరుదుగా కనిపించే కాలంలో మన జనం దానిని తెరమీదనే తనివితీరా చూశారు.

అమెరికాలో ఈ రెండు పరిశ్రమలూ కవలల వలె పెరిగాయి. కారు తయారీలో చరిత్ర సృష్టించిన హెన్రీ ఫోర్డ్, అంతకుముందు డెట్రాయిట్‌లో ఎడిసన్ పేరుతో నడిచే విద్యుత్ కంపెనీలో ఇంజనీరు. ఆ తరువాత వారిద్దరూ ప్రాణమిత్రులయ్యారు. 1914లో ఫోర్డ్ తన కార్ల కర్మాగారంలోనే చలనచిత్ర విభాగాన్ని నెలకొల్పి, వార్తాచిత్రాలు తీయించి థియేటర్లకు పంపాడు. ఇక ఎడిసన్ తన పేటెంటు హక్కులతో చిత్రనిర్మాతలను ముప్పుతిప్పలు పెట్టాడు. ఆ బాధకు దూరంగా ఉండవచ్చుననే ఆలోచన కూడా కొందరు నిర్మాతలు పడమటి తీరంలోని లాస్ ఏంజలిస్ వైపు తరలిపోవడానికి ఒక కారణం.

మద్రాసులోనూ ఇటువంటి చుట్టరికమే కనిపిస్తుంది. ఆర్. నటరాజ మొదలియార్ అనే వర్తకుడు మొదట సైకిళ్ళు, ఆపైన అమెరికానుండి దిగుమతి చేసుకొన్న మోటారుకార్లు, వాటి విడిభాగాలు అమ్మేవారు. యంత్రాలతో పరిచయం ఉన్న ఆ చేతులు కెమెరా వైపు చాచుకున్నాయి. ఒక ఆంగ్లేయుని వద్ద కెమెరా పని నేర్చుకొని, మహాయుద్ధం చివరి సంవత్సరాలలో 'కీచకవధ' చిత్రం తీశారు. దక్షిణ భారతదేశంలో తయారైన మొదటి కథాచిత్రం అది. కొన్నేళ్ళకు ఆయన స్టూడియో అగ్నికి ఆహుతి కాగా, కుమారుని కూడా కోల్పోయి ఆయన చిత్రరంగం వదిలివేశారు. ఆనాడు ఈ రంగంలో అడుగుపెట్టినవారు ఒడ్డిన పందెం ఎంతటిదో తెలుసుకోవడానికి ఈ ఒక్క సంగతి చాలు.

ఇతరులు తీసిన చిత్రాలను ఆడించి లాభపడడం ఒక వర్తకుడికి సరిపోతుంది. వెంకయ్యకు సరిపోలేదు. కుమారుడు రఘుపతి సూర్యప్రకాశ్‌ను చిత్రనిర్మాణం నేర్చుకొని రమ్మని విదేశాలకు పంపారు. ప్రకాశ్ లండన్‌లో బార్కర్ సంస్థలో శిక్షణ పొంది, ఇతర దేశాలలోని స్టూడియోలను కూడా పరిశీలించి, కెమెరాతో తిరిగివచ్చారు. తండ్రీకొడుకులు కలిసి 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' అనే నిర్మాణసంస్థను స్థాపించారు. పురసవాక్కంలో గాజు కప్పుతో స్టూడియో కట్టారు. శక్తిమంతమైన దీపాలు లేని ఆ కాలంలో సూర్యుడే దీపం. వెలుతురు లోపలికి రావాలి గాని గాలి రాకూడదు. అందుకే గాజు భవనం. మబ్బు పడితే ఆనాటి పని ఆగిపోయినట్లే.

1921లో వారి తొలి చిత్రం 'భీష్మప్రతిజ్ఞ' వెలువడింది. ప్రకాశ్ దర్శకత్వం వహించి, భీష్ముని పాత్రను తానే ధరించారు. గంగాదేవి పాత్రకు మాత్రం చిక్కు వచ్చింది. కెమెరా ముందుకు రావడానికి కుటుంబస్త్రీలు అంగీకరించే రోజులు కావు. చివరకు పెగ్గీ కాస్టెల్లో అనే ఆంగ్లయువతి గంగ అయింది. వెంకయ్య అన్నగారైన వెంకటరత్నం నాయుడు దేవదాసీల ఆటపాటలను నిరసిస్తూ ఆంధ్రదేశమంతటా ఉద్యమం నడిపినవారు. ఒకే ఇంట పుట్టిన ఇద్దరిలో ఒకరు స్త్రీలను మేళాలనుండి తప్పించాలని శ్రమించగా, మరొకరి సంస్థ తెరమీదికి ఒక స్త్రీని తేవడానికి ఇంత తిప్పలు పడవలసి వచ్చింది. ఆ కాలపు సంఘాన్ని అర్థం చేసుకోవడానికి ఈ రెండింటినీ కలిపి చూడాలి.

'భీష్మప్రతిజ్ఞ'ను తెలుగువారి తొలి చిత్రంగా చెప్పుకుంటాం. మూగచిత్రానికి భాష ఎక్కడిదని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సమంజసమే. ఆ చిత్రంలో సంభాషణ వినబడదు. కథను తెలిపే అక్షరాలు నడుమనడుమ తెరమీద కనబడతాయి. చదువురానివారి కోసం తెర ప్రక్కన నిలిచి కథ చెప్పేవారు ఉండేవారు. ఏ ఊరిలో ఆడితే ఆ ఊరి భాషలో చెప్పేవారు. అయినా దానిని తెలుగువారిదనడానికి ఆధారం లేకపోలేదు. పెట్టుబడి, ప్రదర్శనశాల, దర్శకత్వం, నాయకపాత్ర ఒకే తెలుగు కుటుంబానివి. కథ నన్నయ నాటినుండి తెలుగువారి నోట నానుతున్న భారతగాథ. తరువాత ప్రకాశ్ తీసిన చిత్రాలలో 'గజేంద్రమోక్షం' ఒకటి. ఓరుగల్లుకు చేరువలోని బమ్మెరలో పుట్టిన పోతన పుణ్యమా అని ఆ ఘట్టం తెలియని తెలుగిల్లు లేదు. తెరమీద ఏనుగు మూగగా మొరపెట్టుకుంటుంటే, వినబడని మొరను మనస్సులో పూరించుకొనే శక్తి ప్రేక్షకునికి ముందే ఉన్నది.

ఈ సంస్థ ఒక పాఠశాలగా కూడా పనిచేసింది. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య ప్రకాశ్ వద్దనే సినిమా మెలకువలు నేర్చుకున్నారు. ఆయనే 1934లో 'లవకుశ' టాకీని తీసి తెలుగు ఇళ్ళలో సీతమ్మ కథకు క్రొత్త కన్నీరు తెప్పించారు.

అయితే వెంకయ్యను సంపద విడిచిపెట్టింది. ఒక మూకీ చిత్రం తీయడానికి అయ్యే ఖర్చును దక్షిణాదిలోని కొద్దిపాటి థియేటర్లనుండే రాబట్టుకోవాలి. అమెరికా చిత్రానికి ఆ బాధ లేదు. స్వదేశంలోనే పెట్టుబడి తిరిగి వచ్చేది గనుక ఇక్కడకు చౌకగా పంపినా లాభమే. తాను తన శాలలలో ఆడించి జనానికి అలవాటు చేసిన చిత్రాలతోనే తన కుమారుని చిత్రాలు పోటీపడవలసి రావడం వెంకయ్యకు ఎదురైన విషమ పరిస్థితి. 1927లో ప్రభుత్వం మద్రాసు న్యాయవాది టి. రంగాచారి అధ్యక్షతన నియమించిన సినిమా విచారణ సంఘం, ఈ దేశంలో ప్రదర్శితమయ్యే చిత్రాలలో నూటికి ఎనభైకి పైగా విదేశాలవేనని, వాటిలో అత్యధికం అమెరికావని తేల్చింది. అంతకు ముందే వెంకయ్య అప్పులలో కూరుకుపోయారు. ఆస్తులు తాకట్టులోకి వెళ్ళాయి. ఒకటొకటిగా థియేటర్లు చేజారాయి. ప్రకాశ్ ఇతరుల సంస్థలలో చేరి చిత్రాలు తీయవలసి వచ్చింది.

ఇంతలో సినిమాకు మాట వచ్చింది. 1927లో అమెరికాలో సంచలనం కలిగించిన 'జాజ్ సింగర్' చిత్రంలోనూ శబ్దం గ్రామఫోను రికార్డుల మీదనే ఉండేది. ప్రొజెక్టరుకు రికార్డును అనుసంధానించే పద్ధతి వెంకయ్య పదిహేడేళ్ళనాడు మద్రాసుకు తెచ్చినదానికి తోబుట్టువే. నడుమ కాలంలో లీ డీ ఫారెస్ట్ కనిపెట్టిన వాల్వు వలన శబ్దాన్ని విద్యుత్తుతో పెంచడం సాధ్యమైంది. గాలి ఒత్తిడి యంత్రం చేయలేని పనిని ఆ చిన్న గాజుబుడ్డి చేసింది. 1931లో 'ఆలం ఆరా', 1932లో తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చాయి. తెలుగు మాట తెరమీద వినిపించిన ఆ వేళకు, తెరచేత మొదట పాడించిన మనిషి చేతిలో థియేటరు గాని, స్టూడియో గాని మిగలలేదు.

1941 మార్చి 15న, డెబ్బై రెండవ ఏట, వెంకయ్య కన్నుమూశారు. అప్పటికి తెలుగులో 'మాలపిల్ల', 'వందేమాతరం' వంటి చిత్రాలు వచ్చి, టాకీ పరిశ్రమ కాలూని నిలిచింది. ప్రకాశ్ టాకీల కాలంలోనూ దర్శకులుగా కొనసాగారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చలనచిత్రరంగంలో జీవితకాల సేవకు రఘుపతి వెంకయ్య పేరిట పురస్కారాన్ని నెలకొల్పి, 1980లో మొదటిసారిగా ఎల్.వి. ప్రసాద్‌కు అందజేసింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట ఇచ్చిన చలనచిత్ర పురస్కారాలలో కూడా వెంకయ్య పేరుతో ఒకటి ఉన్నది.